పిలుపు ఉంటేనే ప్రవేశం అనే స్టార్టప్ ఉద్యోగాల సైట్లు: రెజ్యూమె ఇచ్చే ముందు ఏం చూసుకోవాలి

స్టార్టప్‌లలో ఉద్యోగం వెతికేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి మెయిల్ వస్తుంది: "మీ ప్రొఫైల్ మా దృష్టికి వచ్చింది. ఎంపిక చేసిన కొద్దిమందికే ప్రవేశం ఉన్న మా వేదికకు మిమ్మల్ని ఆహ్వానిస్తున్నాం. బయట ఎక్కడా కనిపించని ఉద్యోగాలు మా దగ్గర ఉన్నాయి. ఈ లింకు 48 గంటలే పనిచేస్తుంది." చదవగానే మనల్ని ఎవరో గుర్తించారన్న సంతోషం కలుగుతుంది, ఆ ఊపులోనే రెజ్యూమె ఎక్కించేస్తాం. ఎక్కించే ముందు ఒక గంట ఆగండి. ఆ సైటు మీకు ఉద్యోగం చూపించడానికి ఉందా, మీ వివరాలు పోగు చేసుకోవడానికి ఉందా అన్నది ఆ గంటలో దాదాపుగా తేలిపోతుంది.

తలుపు మూసి ఉందంటే లోపల మోసం ఉన్నట్టు కాదు. అలాగని మంచి ఉద్యోగాలు ఉన్నట్టూ కాదు. మూసిన తలుపు దేనికీ రుజువు కాదు కాబట్టి, దాన్ని పక్కనపెట్టి మిగతావన్నీ పరీక్షించాలి.

తలుపు ఎందుకు మూస్తారు

2004 ఏప్రిల్ 1న జీమెయిల్ మొదలైనప్పుడు కూడా ఆహ్వానం ఉన్నవాళ్లకే ఖాతా దొరికేది. ఒక్కొక్కరికి ఒక గిగాబైట్ చోటు ఇవ్వడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు, అందరూ ఒక్కసారిగా వస్తే సర్వర్లు మోయలేవు. అందరికీ పూర్తిగా తెరవడానికి 2007 దాకా పట్టింది. అక్కడ పరిమితికి కారణం కళ్లెదుట ఉంది. ఉద్యోగాల సైటుకు అలాంటి ఇబ్బంది ఏదీ లేదు. ఒక రెజ్యూమె దాచడానికి పట్టే చోటు ఎంత? కాబట్టి కారణం వేరే ఏదో ఉండాలి.

సాధారణంగా కనిపించే కారణాలు నాలుగు. ఒకటి, సైటు కొత్తది, కంపెనీలు ఇంకా రాలేదు. ముందు మనుషుల్ని పోగేసి, ఆ అంకె చూపించి కంపెనీల్ని పిలవాలి. ఖాళీగా ఉన్న లోపలి గది కనబడకుండా తలుపు వేసి ఉంచడం వాళ్లకు సౌకర్యం. రెండు, కంపెనీలు డబ్బిచ్చేదే వడపోత కోసం. 2012లో డెవలపర్ ఆక్షన్ పేరుతో మొదలై తర్వాత హైర్డ్‌గా మారిన సైటు ఇలాంటిదే: దరఖాస్తు చేసినవాళ్లలో కొందరినే తీసుకుని, కంపెనీలే వాళ్లకు జీతం అంకెతో సహా ఇంటర్వ్యూ పిలుపు పంపేలా ఏర్పాటు చేసింది. ఇది నిఖార్సైన కారణం. మూడు, గోప్యత. ఒక పదవిలో ఇంకా ఒక మనిషి ఉండగానే ఆ స్థానానికి వెతుకుతున్నారు, లేదా కంపెనీ ఏం తయారు చేస్తోందో ఇంకా బయటపెట్టలేదు. ఇదీ నిజమే, కానీ ఇలాంటి ఉద్యోగాలు వందల్లో ఉండవు. వేలకొద్దీ రహస్య ఉద్యోగాలు ఉన్నాయని చెప్పే సైటు మాటను అక్కడికక్కడే అనుమానించవచ్చు. నాలుగు, రెజ్యూమెలు సేకరించి రిక్రూటర్లకు అమ్ముకోవడం.

మీ ముందున్న సైటు ఈ నాలుగింట్లో ఏదో తేల్చుకోవడమే మిగతా పనంతా.

వచ్చిన మెయిల్‌తోనే మొదలుపెట్టండి

"మీ ప్రొఫైల్ మా దృష్టికి వచ్చింది" అన్న చోట ఆగండి. ఏ ప్రొఫైల్? నిజంగా చూసి పిలిచినవాళ్లు మీరు చేసిన ఏదో ఒక పనిని పేరుపెట్టి చెబుతారు: గిట్‌హబ్‌లో ఉన్న ఫలానా ప్రాజెక్టు, ఫలానా కంపెనీలో మీరు చూసిన విభాగం, మీరిచ్చిన ప్రసంగం. "మీ అద్భుతమైన అనుభవం" అని మాత్రమే ఉంటే, అదే వాక్యం మరెంతోమందికి వెళ్లి ఉంటుంది. మెయిల్ కింద మనిషి పేరు ఉందా? ఆ మనిషి లింక్డ్‌ఇన్‌లో ఆ సైటు ఉద్యోగిగా కనిపిస్తున్నారా? జవాబు రాస్తే ఎవరికైనా చేరుతుందా, లేక జవాబులు తీసుకోని అడ్రస్ నుంచి వచ్చిందా? అడుగున సన్నటి అక్షరాల్లో అన్‌సబ్‌స్క్రైబ్ లింకు ఉంటే అది గంపగుత్తగా పంపిన మెయిలే. ఆ లింకు ఉండటం తప్పు కాదు, మిమ్మల్ని ప్రత్యేకంగా ఎంచామన్న మాటతోనే దానికి పొసగదు.

48 గంటల గడువును పరీక్షించడం చాలా తేలిక. మూడు రోజులు ఆగి లింకు నొక్కండి. తెరుచుకుంటే గడువు ఉత్తిదే. మొదటి మెయిల్‌లోనే అబద్ధం చెప్పినవాళ్లు జీతాల గురించీ కంపెనీల గురించీ చెప్పేది ఎంత నమ్మాలో అప్పుడు మీకే తెలుస్తుంది.

వెయిటింగ్ లిస్ట్ ఉంటే మరో పరీక్ష ఉంది. "మీ ముందు ఇంకా 4,812 మంది ఉన్నారు, ముగ్గురు స్నేహితుల్ని పిలిస్తే ముందుకు జరుగుతారు" అని చూపిస్తారు కదా. పేజీని రెండుమూడుసార్లు రిఫ్రెష్ చేయండి. అంకె ఇష్టం వచ్చినట్టు మారితే అది మీ బ్రౌజర్‌లోనే అప్పటికప్పుడు పుడుతున్న అంకె. వేరే మెయిల్ అడ్రస్‌తో, ప్రైవేట్ విండోలో, పది నిమిషాల తేడాతో ఇంకోసారి నమోదు చేయండి. రెండో అంకె మొదటిదానికంటే కొంచెం ఎక్కువగా ఉండాలి. తక్కువగా ఉన్నా, సరిగ్గా అదే వచ్చినా వరస ఉందన్నది అనుమానమే. స్నేహితుల్ని పిలిచే షరతు దగ్గర మాత్రం తొందరపడకండి. మీరు చూడని సైటుకు మీ మాట మీద ముగ్గురి అడ్రస్‌లు ఇచ్చినట్టవుతుంది. గూగుల్‌తో లాగిన్ అయ్యేటప్పుడు వచ్చే అనుమతుల పేజీలో కాంటాక్ట్స్ చూసే అనుమతి అడిగితే అక్కడే వెనక్కి రండి. ఉద్యోగం వెతకడానికి మీ కాంటాక్ట్స్‌తో పని లేదు.

ఒక ఉద్యోగాన్ని పట్టుకుని తీగ లాగండి

అన్నింటికంటే ఎక్కువ విషయం బయటపడేది ఇక్కడే, సగానికి పైగా సమయం దీనికే పెట్టండి. చాలా సైట్లు లాగిన్ లేకుండానే కొన్ని ఉద్యోగాలు నమూనాగా చూపిస్తాయి. వాటిలోంచి మీరు నిజంగా చేయాలనుకునే ఒకటి ఎంచుకోండి. కంపెనీ పేరు దాచి "ఆర్థిక రంగంలో వేగంగా ఎదుగుతున్న సంస్థ, 40 మంది" అని రాసి ఉండవచ్చు. పేరు తీసేస్తారు గానీ కింద ఉన్న వర్ణన తిరగరాసేంత ఓపిక చాలామందికి ఉండదు. ఆ వర్ణనలోంచి మిగతా చోట్ల కనిపించని ఏడెనిమిది మాటల వాక్యం ఒకటి తీసుకుని, అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టి గూగుల్‌లో వెతకండి. "జట్టుగా పనిచేయగలగాలి" లాంటివి వద్దు. ఫలానా డేటాబేస్‌ను ఫలానా క్లౌడ్‌కు మార్చడం లాంటి ప్రత్యేకమైన పని గురించి చెప్పిన వాక్యం అయితే గురి తప్పదు.

ఎక్కువసార్లు ఆ వాక్యం కంపెనీ సొంత ఉద్యోగాల పేజీలోనే దొరుకుతుంది. స్టార్టప్‌లలో చాలావరకు ఆ పేజీని గ్రీన్‌హౌస్, లీవర్, యాష్‌బీ, వర్కబుల్ లాంటి సాఫ్ట్‌వేర్ మీద నడుపుతాయి. అవి అందరికీ తెరిచే ఉంటాయి, లాగిన్ కూడా అక్కర్లేదు. కంపెనీ పేరు తెలిస్తే దాని పక్కన గ్రీన్‌హౌస్ అనో యాష్‌బీ అనో చేర్చి వెతికినా పేజీ తగులుతుంది.

తర్వాత తేదీ చూడండి. "నిన్ననే వచ్చింది" అని సైటు చెబుతున్న ఉద్యోగం నాలుగు నెలల పాతది కావచ్చు. కంపెనీ పేజీ తెరిచి, పేజీ సోర్స్ చూపించే కంట్రోల్-యు నొక్కి, అందులో డేట్‌పోస్టెడ్ అనే మాటను ఖాళీ లేకుండా ఇంగ్లిష్‌లో వెతకండి. గూగుల్‌లో ఉద్యోగం కనబడాలంటే జాబ్‌పోస్టింగ్ అనే వివరాల ముక్కలో ఈ తేదీ పెట్టాలి కాబట్టి చాలా పేజీల్లో ఉంటుంది. వ్యాలిడ్‌త్రూ అనే మాట పక్కన గడువు కూడా ఉండవచ్చు. ఒక్క జాగ్రత్త: కొన్ని కంపెనీలు అదే ఉద్యోగాన్ని మూసి మళ్లీ తెరిచి తేదీని కొత్తగా చేస్తాయి. అనుమానం వస్తే, వెబ్ పేజీల పాత నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీ పాత నకలు ఉందేమో చూడండి.

ఇప్పుడు మీ చేతికి వచ్చే ఫలితం ఈ కింది వాటిలో ఒకటి.

అదే ఉద్యోగం కంపెనీ పేజీలో తెరిచి ఉంది. అంటే అది ఎవరికీ కనిపించనిది కాదు, సైటు దాన్ని అక్కడినుంచి తెచ్చి పెట్టుకుంది. మీరు నేరుగా కంపెనీకే దరఖాస్తు చేసుకోవచ్చు.

కంపెనీ ఉంది, ఆ ఉద్యోగం ఒకప్పుడు ఉంది, ఇప్పుడు లేదు. సైటు పాత సరుకు తీయకుండా అలాగే ఉంచింది. ఇది పొరపాటున కూడా జరుగుతుంది, కానీ ఉద్యోగాల సంఖ్య పెద్దదిగా కనబడాలనీ జరుగుతుంది. పదింట్లో రెండు మూడు ఇలా తేలితే ఆ సైటు చెప్పే సంఖ్యల్ని లెక్కలోకి తీసుకోకండి.

కంపెనీ ఉంది, ఆ ఉద్యోగం ఎక్కడా లేదు. ఇది నిజంగా గోప్యమైనదైనా కావాలి, లేనిదైనా కావాలి. కంపెనీకి రెండు వాక్యాల మెయిల్ రాయండి: ఫలానా సైటులో మీ పేరుతో ఈ ఉద్యోగం చూశాను, ఇది మీదేనా, వాళ్ల ద్వారా రావాలా నేరుగా రావచ్చా? చిన్న కంపెనీల్లో ఈ మెయిల్ చదివేది తరచుగా వ్యవస్థాపకులే. "ఆ సైటు పేరే వినలేదు" అన్న జవాబు వస్తే మీ పరిశీలన అక్కడితో అయిపోయినట్టే.

కంపెనీయే దొరకలేదు. పేరు చెప్పేదాకా రెజ్యూమె ఇవ్వకండి.

ఒక్క ఉద్యోగంతో తీర్పు చెప్పేయకుండా వేర్వేరు కంపెనీలవి మూడు తీసి చూడండి. మూడూ బయటి పేజీల్లో దొరికితే, బయట కనిపించని ఉద్యోగాలన్న మాట ఉత్తదే.

నేరుగా దరఖాస్తు చేసేటప్పుడు లింకు తోకను కూడా గమనించండి. సైటు నుంచి కంపెనీ పేజీకి వెళ్లినప్పుడు అడ్రస్‌లో ప్రశ్నార్థకం గుర్తు తర్వాత ఏవో అక్షరాలు చేరతాయి. గ్రీన్‌హౌస్‌లో జీహెచ్-ఎస్‌ఆర్‌సీ, లీవర్‌లో లీవర్-సోర్స్, చాలాచోట్ల యూటీఎం-సోర్స్ అనేవి మీరు ఏ దారిన వచ్చారో కంపెనీకి చెప్పే గుర్తులు. ఆ గుర్తుతో దరఖాస్తు పెడితే మీరు ఆ సైటు పంపిన మనిషిగా నమోదవుతారు. అది అక్కర్లేదనుకుంటే ఆ ముక్క తీసేసి పేజీ మళ్లీ తెరవండి. జీహెచ్-జేఐడీ అని ఉన్నదాన్ని మాత్రం తీయకండి, అది ఉద్యోగం నంబరు. తీసేస్తే పేజీ దొరకదు.

డబ్బు ఎవరిస్తున్నారు

మీ దగ్గర ప్రవేశ రుసుమో, ప్రొఫైల్ పరిశీలనకు ఫీజో అడిగితే ఇంకేమీ చూడక్కర్లేదు, మూసేయండి. సరైన సైట్లలో డబ్బిచ్చేది కంపెనీ. అయితే కంపెనీ ఇస్తోంది కాబట్టి మనకేం నష్టం లేదనుకోవడం పొరపాటు. వెతికేవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇదే.

ఉద్యోగంలో చేరితేనే ఫీజు అనే పద్ధతిలో రిక్రూటింగ్ సంస్థలు సాధారణంగా మొదటి ఏడాది జీతంలో 15 నుంచి 25 శాతం తీసుకుంటాయి. 20 శాతం అనుకుంటే దాదాపు రెండున్నర నెలల జీతం. పదిమంది ఉన్న స్టార్టప్‌కు అది పెద్ద మొత్తం. మీకు సమానంగా సరిపోయే మరో మనిషి కంపెనీ పేజీ నుంచి నేరుగా వస్తే, ఆ మనిషికి ఫీజు లేదు, మీకు ఉంది. ఈ కారణం ఎవరూ మీకు చెప్పరు. "ఇంకొకరితో ముందుకు వెళ్తున్నాం" అనే మెయిల్ మాత్రం వస్తుంది.

దీనికి తోడు కాలపరిమితి ఉంటుంది. సైటుకూ కంపెనీకీ మధ్య ఒప్పందంలో, మేం చూపించిన మనిషిని మీరు ఆరు నెలల్లోనో ఏడాదిలోనో ఏ దారిన తీసుకున్నా ఫీజు మాకే అని రాసుకుంటారు. సైటు మీ ప్రొఫైల్‌ను మీకు చెప్పకుండా యాభై కంపెనీలకు చూపించిందనుకోండి. మూడు నెలల తర్వాత వాటిలో ఒకదానికి మీరు సొంతంగా దరఖాస్తు పెట్టినా ఫీజు ఇవ్వాల్సి రావచ్చు. ఒకే మనిషి పేరు రెండు దారుల్లో వస్తే ఫీజు తగాదా ఎందుకని కొన్ని కంపెనీలు ఆ పేరునే పక్కన పెట్టేస్తాయి. మీ తప్పేమీ లేకుండా అవకాశం పోతుంది.

దీనికి రెండు పనులు చేయండి. ఒక చిన్న పట్టిక పెట్టుకోండి: కంపెనీ పేరు, ఉద్యోగం, తేదీ, ఏ దారిన వెళ్లారు, ఎవరితో మాట్లాడారు. అయిదు గళ్లు చాలు. రెండోది, సైటులో చేరిన రోజే మెయిల్‌లో రాతపూర్వకంగా చెప్పండి: "ప్రతి కంపెనీకీ విడిగా నా అనుమతి తీసుకున్నాకే నా ప్రొఫైల్ చూపించండి." కుదరదంటే, లేదా జవాబే ఇవ్వకపోతే, మీకు బాగా ఇష్టమైన కంపెనీలకు ముందుగా మీరే నేరుగా దరఖాస్తు పెట్టేసి ఆ తర్వాతే సైటులో చేరండి. ఈ వరస తారుమారైతే సరిదిద్దుకోవడం కష్టం.

ఫీజు ఎప్పుడూ దండగేనా అంటే కాదు. సైటులోని మనిషి మీతో అరగంట మాట్లాడి, మీ గురించి వ్యవస్థాపకుడితో స్వయంగా చెప్పి, ఇంటర్వ్యూ ఎలా ఉంటుందో ముందే వివరించి, జీతం బేరంలో పక్కన నిలబడితే కంపెనీ ఆ డబ్బు సంతోషంగానే ఇస్తుంది. మీకూ లాభమే. మీరు బటన్ నొక్కితే రెజ్యూమె వెళ్లడం ఒక్కటే జరిగే సైటుకు ఆ విలువ లేదు.

సైటు పుట్టుపూర్వోత్తరాలు

ఇది పది నిమిషాల పని. ఇంటర్నెట్ డొమైన్ పేర్లను చూసుకునే ఐకాన్ (ICANN) సంస్థ లుకప్ పేజీలో డొమైన్ పేరు కొడితే అది ఎప్పుడు నమోదైందో వస్తుంది. "ఆరేళ్లుగా వేలమందిని ఉద్యోగాల్లో చేర్చాం" అనే సైటు డొమైన్ ఐదు నెలల కిందటిదైతే ప్రశ్న తప్పదు. పాత డొమైన్‌ను కొనుక్కుని ఉండవచ్చు కాబట్టి తేదీ పాతదైనా నమ్మకం కలగనక్కర్లేదు, వేబ్యాక్ మెషీన్‌లో ఏడాది కిందటి మొదటి పేజీ చూడండి. అప్పుడు ఆ అడ్రస్‌లో వేరే వ్యాపారమే ఉండవచ్చు. అప్పుడూ ఇప్పుడూ "300 కంపెనీలు" అనే అంకె మారకుండా ఉన్నా అది చెప్పదగిన సంగతే.

సైటు మొదటి పేజీలో పెద్ద కంపెనీల లోగోలు కనబడితే వాటి అర్థం చాలా రకాలుగా ఉంటుంది. ఆ కంపెనీ డబ్బు కట్టిందని కావచ్చు, ఆ కంపెనీలో పనిచేసే ఒకరు ఆఫీసు మెయిల్‌తో ఖాతా తెరిచారని కావచ్చు, ఆ కంపెనీ నుంచి వచ్చిన ఒకరు సైటులో వెతుకుతున్నారని కూడా కావచ్చు. లోగో పక్కన తెరిచిన ఉద్యోగం లేకపోతే ఆ లోగోను చూడనట్టే వదిలేయండి.

రెజ్యూమె రెండు విడతల్లో

మొదటి విడతలో ఇవ్వాల్సింది అర పేజీ: ఎన్నేళ్ల అనుభవం, ఏ పనుల్లో, ఎలాంటి కంపెనీ కావాలి. ప్రస్తుత కంపెనీ పేరు బదులు దాని రంగం రాయండి. ఇంటి అడ్రస్, పుట్టిన తేదీ, గుర్తింపు కార్డుల నంబర్లు ఏ విడతలోనూ వద్దు. ఉద్యోగం ఖాయమై లిఖితపూర్వక ఆఫర్ వచ్చాక, అదీ కంపెనీకే ఇవ్వాలి. ఆఫర్‌కు ముందే బ్యాంకు ఖాతా వివరాలు, గుర్తింపు పత్రాల ఫొటోలు, ల్యాప్‌టాప్ కోసం డబ్బు అడిగితే అది ఉద్యోగాల సైటు కాదు, దొంగతనం.

ఒక్కో సైటుకు ఒక్కో మెయిల్ అడ్రస్ ఇవ్వండి. జీమెయిల్‌లో మీ పేరు తర్వాత కూడిక గుర్తు పెట్టి సైటు పేరు చేరిస్తే మెయిల్స్ మీ పాత పెట్టెలోకే వస్తాయి, ఎవరికిచ్చిన అడ్రస్‌కు వచ్చాయో తెలుస్తుంది. కానీ కొన్ని ఫారాలు కూడిక గుర్తును ఒప్పుకోవు, అడ్రస్‌లు కొనుక్కునేవాళ్లు ఆ ముక్కను తుడిచేయడమూ మామూలే. ఫైర్‌ఫాక్స్ రిలే, యాపిల్ హైడ్ మై ఈమెయిల్ లాంటివి ఇచ్చే మారు అడ్రస్‌లకు ఆ లోపం లేదు. అదే అడ్రస్‌ను ఆ సైటుకిచ్చే రెజ్యూమె లోపల కూడా పెట్టండి. ఎప్పుడో ఎక్కడో తెలియని రిక్రూటర్ ఆ అడ్రస్‌కు రాస్తే, మీ రెజ్యూమె ఏ ఇంటి నుంచి బయటికి పోయిందో ఇక వెతకక్కర్లేదు.

ఇప్పుడున్న ఉద్యోగం కాపాడుకోవాలి కాబట్టి, "మీ ప్రస్తుత కంపెనీకి మీ ప్రొఫైల్ కనబడదు" అనే సెట్టింగ్ మీద ఆధారపడేవాళ్లు చాలామంది. అది సాధారణంగా కంపెనీ పేరునో, మెయిల్ డొమైన్‌నో చూసి అడ్డుకుంటుంది. మీ కంపెనీ తరఫున మనుషుల్ని వెతికే బయటి రిక్రూటర్‌ను అడ్డుకోదు. అనుబంధ సంస్థను, మీ కంపెనీలో పెట్టుబడి పెట్టినవాళ్లను, రేపు మీ మేనేజర్‌తో కాఫీ తాగబోయే మరో వ్యవస్థాపకుడిని అడ్డుకోదు. పేరు దాచినా, చదివిన చోటు, పనిచేసిన ఏళ్లు, పదవి మూడూ కలిస్తే మిమ్మల్ని ఎరిగినవాళ్లు గుర్తుపడతారు.

ఇవాళ గోప్యంగా ఉన్నది రేపూ అలాగే ఉంటుందన్న హామీ కూడా లేదు. ఇంజినీర్లకు పరీక్ష పెట్టి కంపెనీలకు పరిచయం చేస్తూ వచ్చిన ట్రిపుల్‌బైట్ 2020 మేలో, అప్పటిదాకా గోప్యంగా ఉన్న ప్రొఫైళ్లను బయటికి కనబడేలా చేస్తామనీ, వద్దనుకున్నవాళ్లు గడువులోగా చెప్పాలనీ మెయిల్ పంపింది. ఉద్యోగం వెతుకుతున్న సంగతే యజమానికి తెలిసిపోతుందని పెద్ద ఎత్తున నిరసన వచ్చాక సీఈఓ క్షమాపణ చెప్పి ఆ ఆలోచన మానుకున్నారు. ఆ గొడవ సద్దుమణిగింది గానీ, ప్రైవసీ పాలసీ అనేది సైటు యజమాని మార్చగలిగే కాగితమని దాంతో అందరికీ తెలిసింది. ఆ కాగితంలో చూడాల్సినవి మూడే చోట్లు: భాగస్వాములకు వివరాలు ఇస్తారా, సంస్థను అమ్మేస్తే వివరాలు ఎవరి చేతికి పోతాయి, ఖాతా తీసేశాక ఎంతకాలం ఉంచుకుంటారు.

సైటును అడగాల్సిన మెయిల్

ఇంతదాకా వచ్చాక కూడా ఆసక్తి మిగిలి ఉంటే ఈ మెయిల్ పంపండి. ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు.

"ఆహ్వానానికి ధన్యవాదాలు. చేరే ముందు నాలుగు విషయాలు తెలుసుకోవాలి. 1. గత 90 రోజుల్లో నా లాంటి పనికి మీ ద్వారా ఎంతమంది చేరారు? 2. కంపెనీలు మీకు చెల్లించేది నెలవారీ చందానా, మనిషి చేరినప్పుడు ఫీజా? 3. నన్ను ఒక కంపెనీకి చూపించిన తర్వాత ఎంతకాలం మీ పరిచయంగా లెక్కిస్తారు? 4. ప్రతి ఉద్యోగానికీ జీతం పరిధి, షేర్ల వాటా ముందే చూపిస్తారా?"

మొదటిదానికి జవాబు చిన్న అంకె అయినా ఫరవాలేదు. "నలుగురు" అని సూటిగా చెప్పిన సైటు, "వేలమంది సభ్యులున్నారు" అని దాటవేసిన సైటు కంటే నయం. సభ్యుల సంఖ్య అంటే మీతో పోటీపడేవాళ్ల సంఖ్యేగా. రెండోదానికి నెలవారీ చందా అన్నారంటే పైన చెప్పిన ఫీజు ఇబ్బంది మీకు చాలావరకు ఉండదు. నాలుగోది స్టార్టప్‌లకు ప్రత్యేకం. జీతంలో కొంత తగ్గించి షేర్లు ఇస్తామంటారు, ఆ షేర్లు ఎన్ని అన్నది మొత్తం షేర్లలో శాతంగా చెబితేనే అర్థం అవుతుంది. "పదివేల షేర్లు" అనే మాటకు, మొత్తం ఎన్నో తెలియకపోతే విలువ లేదు. షేర్లు నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా మీ సొంతం కావడం, మొదటి ఏడాది నిండేదాకా ఏమీ రాకపోవడం ఎక్కువచోట్ల ఉన్న పద్ధతి. ఇచ్చింది నేరుగా షేర్లు కాక షేర్లు కొనే హక్కు (ఆప్షన్లు) అయితే, ఉద్యోగం మానేశాక వాటిని కొనుక్కోవడానికి తరచుగా 90 రోజులే ఇస్తారు కాబట్టి ఆ గడువూ అడగండి. తెరిచి ఉన్న సైట్లే ఈ వివరాలు చూపిస్తుంటే, మూసి ఉన్నది చూపించనంటే దానిలో చేరి లాభం ఏమిటి?

వారం రోజుల్లో మనిషి రాసిన జవాబు రాకపోతే, చేరాక ఇబ్బంది వచ్చినప్పుడు కూడా రాదు.

తెరిచి ఉన్న చోట్లు ముందు

మూసిన సైటు ఇచ్చేది ఎక్కువో తక్కువో తెలియాలంటే పోల్చడానికి తెరిచినవి ముందు చూసి ఉండాలి. వెల్‌ఫౌండ్ (2022 దాకా ఏంజెల్‌లిస్ట్ టాలెంట్) స్టార్టప్‌లకే ప్రత్యేకం, జీతం పరిధి, షేర్ల వాటా చాలా ప్రకటనల్లో రాసి ఉంటాయి. వై కాంబినేటర్ నడిపే వర్క్ ఎట్ ఎ స్టార్టప్‌లో ఒక్క ప్రొఫైల్‌తో వాళ్లు పెట్టుబడి పెట్టిన కంపెనీలన్నింటికీ దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రోగ్రామర్ల చర్చా సైటు హ్యాకర్ న్యూస్‌లో ప్రతి నెల మొదట్లో ఎవరు మనుషుల్ని తీసుకుంటున్నారో చెప్పే చర్చ మొదలవుతుంది, అక్కడ రాసేది తరచుగా ఆ జట్టులోని ఇంజినీరో వ్యవస్థాపకుడో. పెట్టుబడి సంస్థలు చాలావరకు తమ కంపెనీల ఉద్యోగాలన్నీ కలిపి ఒక పేజీలో పెడతాయి. మీకు నచ్చిన స్టార్టప్‌లో ఎవరు పెట్టుబడి పెట్టారో చూసి ఆ సంస్థ పేజీకి వెళ్తే అలాంటివే మరో ముప్పై కనబడతాయి.

మూసి ఉండి కూడా పనికొచ్చేవి ఎక్కువగా ఈ పెట్టుబడి సంస్థల దగ్గరే ఉంటాయి. వాళ్ల మనుషుల జాబితాకు బయటివాళ్లను తెలిసినవాళ్ల మాట మీద తీసుకుంటారు, కంపెనీల నుంచి చేరిక ఫీజు సాధారణంగా తీసుకోరు, ఎందుకంటే ఆ కంపెనీలు ఎదిగితేనే వాళ్లకు లాభం. అక్కడ ఆహ్వానం మెషీన్ నుంచి రాదు, పేరున్న మనిషి నుంచి వస్తుంది. అలాంటిది వస్తే ఈ పరీక్షల్లో సగం అక్కర్లేదు, ఆ మనిషికి ఫోన్ చేసి మాట్లాడటమే చాలు.

బయటికి వచ్చేటప్పుడు

ఉద్యోగం దొరికినా, సైటు నచ్చకపోయినా ఖాతాను అలా వదిలేయకండి. డీయాక్టివేట్ చేయడం అంటే దాచిపెట్టడమే, తీసేయడం కాదు. డిలీట్ అనే మాట ఉన్న బటన్ కోసం వెతకండి, లేకపోతే మెయిల్ రాయండి. యూరోపియన్ యూనియన్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం కింద మీ వివరాల నకలు అడగడానికి 15వ అధికరణం, తీసేయమనడానికి 17వ అధికరణం ఉన్నాయి, మామూలుగా నెలలోపు జవాబివ్వాలి. అక్కడ వ్యాపారం చేసే సైట్లు తరచుగా అదే ఫారాన్ని అందరికీ పెడతాయి కాబట్టి మీరెక్కడున్నా వాడి చూడండి. ముందు నకలు అడగండి, తర్వాత తీసేయమనండి. నకలులో మీ ప్రొఫైల్‌ను ఏయే కంపెనీలకు చూపించారో అడిగి తీసుకుంటే మీ పట్టికలో చేర్చుకోవచ్చు. ఫీజు కాలపరిమితి ఖాతా తీసేసినంత మాత్రాన ఆగదు, కాబట్టి ఆ పేర్లు మీకు ఇంకా కొన్ని నెలలు కావాలి. కంపెనీలు ఇప్పటికే దించుకున్న రెజ్యూమెలు సైటు తీసేసినా వాళ్ల దగ్గర ఉంటాయి, అవి పోవాలంటే ఆ కంపెనీలకే విడిగా రాయాలి.

గూగుల్ ఖాతాలో ఇతర యాప్‌లకు ఇచ్చిన అనుమతుల పేజీ, లింక్డ్‌ఇన్ సెట్టింగుల్లో డేటా ప్రైవసీ కింద అనుమతించిన సేవల పేజీ తెరిచి ఆ సైటు పేరు తీసేయండి. మారు అడ్రస్‌ను వెంటనే మూసేయకుండా మూడు నెలలు ఉంచి, తర్వాత మూసేయండి. ఆ మూడు నెలల్లో దానికి కొత్త రిక్రూటర్ల మెయిల్స్ వస్తే, తీసేశామన్న జవాబును జతచేసి సైటుకు మళ్లీ రాయండి, మీ ప్రాంతంలో డేటా రక్షణ సంస్థ ఉంటే దానికీ పంపండి.